పిల్లికూన మాలిమి

పిల్లికూనకు మనుషుల మీద మాలిమి పుట్టుకతోనే రాదు. పెద్దయ్యాక పాలూ చేపముక్కలూ పెట్టినంత మాత్రాన కూడా రాదు. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా సాగే ఒక చిన్న వ్యవధిలో మనిషి చేయి, వాసన, గొంతు దానికి ఎంతగా పరిచయమయ్యాయన్న దాని మీద ఆ మాలిమి చాలావరకు ఆధారపడి ఉంటుంది. తర్వాతి వయసులో అది పెరగొచ్చు, కొన్నాళ్లు సన్నగిల్లినట్టు కనబడొచ్చు, రూపం మార్చుకోవచ్చు. పునాది పడేది మాత్రం అప్పుడే. మన ఊళ్లలో చాలా కూనలు ఆ అయిదు వారాలనూ అటక మీదో, గడ్డివామి సందులోనో, మిల్లు గిడ్డంగిలో బస్తాల వెనకో మనిషి కంటబడకుండా గడిపేస్తాయి. పిల్లికి విశ్వాసం లేదన్న చెడ్డపేరు రావడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

గూడూరు పిల్లులు

అలాంటి ఊళ్లలో ఒకటి గూడూరు, చెన్నై–విజయవాడ రైలు మార్గంలో తిరుపతి వైపు దారి చీలే జంక్షన్. అభ్రకం గనులతో, నిమ్మకాయల మార్కెట్‌తో పేరుపడిన పట్టణం. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న అమలైన జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్లింది. తిండీ యాసా మాత్రం నెల్లూరువే. తూర్పున చిల్లకూరు, కోట, వాకాడు మండలాల అంచున బంగాళాఖాతం. వరి, చేప రెండూ ఉన్నచోట పిల్లికి కొదవుండదు. ధాన్యం ఎలుకల్ని రప్పిస్తుంది, ఎలుకలు పిల్లిని రప్పిస్తాయి. చేపలు కోసి శుభ్రం చేసే చోటికైతే దాన్ని ఎవరూ రప్పించనక్కర్లేదు.

ఇక్కడి పిల్లుల్లో ఫలానా వారివని చెప్పదగ్గవి తక్కువ. ఎక్కువ భాగం నాలుగైదు ఇళ్ల ప్రహరీల మీద తిరుగుతూ, ఒకింట పాలు తాగి, ఇంకొకింట చేపతలకాయ తిని, మూడో ఇంటి అటక మీద పిల్లలు పెట్టేవి. వీటికి ఒక కొసన ఒళ్లోంచి దిగని ఇంటిపిల్లులు, మరో కొసన మనిషి అలికిడి వినగానే మాయమయ్యే గిడ్డంగి పిల్లులు ఉంటాయి. మూడూ ఒకే జాతి. ఒక్కోసారి ఒకే తల్లి పిల్లలు కూడా. వాటి మధ్య తేడా కొంత రక్తంలో, ఎక్కువ భాగం తొలి వారాల పెంపకంలో ఉంటుంది.

పిల్లి చూలు 63 నుంచి 65 రోజులు. ఈతకు సాధారణంగా మూడు నుంచి అయిదు కూనలు. పగటి నిడివి పెరగడం పిల్లి ఎదకు రావడానికి ఒక ప్రేరణ. చలిదేశాల్లో పొట్టి పగళ్ల కాలంలో ఎద ఆగిపోతుంది. గూడూరు దాదాపు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ ఇక్కడ రెండు గంటల తేడా కూడా ఉండదు. అందుకని ఏడాదిలో ఏ నెలలోనైనా కూనలు కనబడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ఊపందుకునే రోజుల్లో పుట్టినవాటికి చలి, తడి వల్ల ప్రాణగండం ఎక్కువ. తల్లి తడవని చోటు వెతుక్కుంటూ ఇళ్లలోకి చొరబడేది కూడా అప్పుడే. మాలిమి వరకే చూస్తే వానాకాలపు కూనకు దక్కే లాభం ఒకటుంది: బతికి బట్టకడితే అది మనుషుల చప్పుళ్ల మధ్య కళ్లు తెరుస్తుంది.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని పెద్దవాళ్లు చెబుతారు. లెక్కకు ఏడే కానక్కర్లేదు గాని గమనింపు మాత్రం నికరమైనదే. గూడు మురికైనా, పురుగు పట్టినా, గండుపిల్లి జాడ తగిలినా, ఇంట్లోని పిల్లలు పదేపదే తొంగిచూసి అల్లరి చేసినా తల్లి ఒక్కో కూననూ మెడ దగ్గర నోట కరుచుకొని కొత్తచోటికి చేరుస్తుంది. మెడ తోలు పట్టగానే కూన కాళ్లు ముడుచుకొని ఉలుకూ పలుకూ లేకుండా వేలాడుతుంది. మోయడం తల్లి వంతు, కూన చేయవలసింది ఏమీ లేదు. శ్రీవైష్ణవుల్లో తెంగలై శాఖ శరణాగతికి ఉదాహరణగా మార్జాల కిశోర న్యాయాన్ని ఎంచుకున్నది దీన్ని చూసే; తల్లిని తానే కరుచుకొని ఉండే కోతిపిల్ల వడగలై వారి ఉదాహరణ.

ఈ తిప్పుడులో ఏ ఇంట్లో ఏ వారాలు గడిచాయన్నదే మాలిమికి కీలకం. మూడు నుంచి ఆరు వారాల వయసులో నలుగురూ తిరిగే వసారాలో ఉన్న కూన, ఆ తర్వాత గోదాముకు మారినా మనిషిని చూసి అంత తేలిగ్గా బెదిరిపోదు. గోదాములో కళ్లు తెరిచి పదో వారంలో వసారాకు వచ్చిన కూనకు అన్నం గిన్నె దగ్గరికి రావడానికే రోజులు పడుతుంది.

పూర్వీకులు, బాల్యపు చేష్టలు

ఇంటిపిల్లి పుట్టుక పశ్చిమాసియాలో. 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన ప్రపంచంలోని ఇంటిపిల్లుల మూలం ఆ ప్రాంతపు అడవిపిల్లి, అంటే ఫెలిస్ లిబికా, అని తేల్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి మనిషి సమాధి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం 2004లో వెలుగులోకి వచ్చింది. ఆ పిల్లి వయసు దాదాపు ఎనిమిది నెలలు. దీవిలో పిల్లులు సహజంగా ఉండేవి కావు కనుక దాన్నో, దాని పూర్వీకుల్నో ఎవరో పడవలో తీసుకెళ్లి ఉండాలి.

ఆ అడవిపిల్లి పెద్దయ్యాక ఒంటరిగా బతుకుతుంది. ఇంకొక ప్రాణిని నమ్మి, ఒరుసుకొని పడుకునే దశ దాని జీవితంలో ప్రధానంగా ఒక్కటే, తల్లి దగ్గరున్న బాల్యం. ఇంటిపిల్లి మనిషి మీద చూపే ప్రేమలో చాలా భాగం ఆ బాల్యపు చేష్టల కొనసాగింపు. ఒళ్లో కూర్చొని ముందుకాళ్లతో మార్చి మార్చి ఒత్తడం, పాలు చేపడానికి తల్లి పొట్టను ఒత్తిన అలవాటు. గురగుర కూడా పాలు తాగేటప్పుడు మొదలైనదే. తోక నిలువుగా ఎత్తి ఎదురు రావడం కూన తల్లి దగ్గరికి పరుగెత్తేటప్పుడు చేసే పని. మ్యావ్ అన్న అరుపు కూనలు తల్లిని పిలవడానికి వాడేది. పెద్ద పిల్లులు తమలో తాము అలా పిలుచుకోవడం అరుదు, మనిషిని మాత్రం జీవితాంతం పిలుస్తాయి. మన చుట్టూ తిరుగుతూ కాళ్లకు చెంపలు రాసే అలవాటు ఒక్కటే పెద్ద పిల్లుల మర్యాద. చెంపల దగ్గరున్న గ్రంథుల వాసనను పరిచయమున్న వారికి పూసి, వారి వాసనను తాను తీసుకుంటుంది.

మొదటి రెండు వారాలు

పుట్టినప్పుడు కూన బరువు దాదాపు 100 గ్రాములు. కళ్లు మూసుకొని ఉంటాయి, చెవులు వినబడవు, సొంతంగా ఒంటి వేడిని నిలుపుకోలేదు. వాసన, స్పర్శ, వెచ్చదనం, ఈ మూడే దాని లోకం. మొదటి కొద్ది రోజుల్లోనే ఒక్కో కూన తనకంటూ ఒక చనుమొనను ఎంచుకొని వాసన పట్టి దాని దగ్గరికే చేరుతుంది. గురగుర కూడా అప్పటికే మొదలవుతుంది. సాధారణంగా ఏడు నుంచి పది రోజులకు కళ్లు తెరుస్తుంది. రెండో వారం చివరికి శబ్దాలు తెలుస్తాయి.

ఈ దశలో మనిషిని మనిషిగా గుర్తించే శక్తి దానికి లేకపోయినా చేతి స్పర్శ వృథా పోదు. సయామీ జాతి కూనల్ని రోజూ కొద్ది నిమిషాలు చేతిలోకి తీసుకుంటే అవి తోటివాటికన్నా ముందుగా కళ్లు తెరిచాయనీ, ముందుగా గూడు దాటి బయటికి వచ్చాయనీ 1961లో ఒక పరిశోధన చూపింది. మొదటి నెలన్నర రోజుకు అయిదేసి నిమిషాలు తాకిన కూనలు కొత్త వస్తువుల్నీ కొత్త మనుషుల్నీ చూసి తక్కువ బెదురుతాయని 1965లో మరొకటి తేల్చింది. ఇవి ప్రయోగశాల పిల్లులు, తల్లులు మనుషులకు అలవాటుపడినవి. అటక మీది తల్లి ఎవరికీ మాలిమి కాకపోతే పది రోజుల లోపు కూనల్ని ముట్టకపోవడమే మేలు. ముడితే అది మరో ఇంటికి ఎత్తేస్తుంది. ఆ ఇల్లు గోదామైతే అసలుకే మోసం.

రెండో వారం నుంచి ఏడో వారం దాకా

ఈ అంశం మీద అందరూ ఉదహరించే పని అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ 1980లలో చేసింది. ఆమె కూనల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపును మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా రోజూ చేతుల్లో ఉంచుకున్నారు. రెండో గుంపును ఏడో వారంలో మొదలుపెట్టి పద్నాలుగో వారం దాకా. మూడో గుంపును అసలు తాకలేదు. తర్వాత రెండు పరీక్షలు పెట్టారు: పిల్లి తనంతట తాను మనిషి దగ్గరికి ఎంత త్వరగా వస్తుంది, ఒళ్లో పెట్టుకుంటే ఎంతసేపు ఉంటుంది. మూడో వారంలోనే మొదలుపెట్టినవి మిగతావాటికన్నా త్వరగా దగ్గరికి వచ్చాయి, ఎక్కువసేపు ఒళ్లో ఉన్నాయి. ఏడో వారంలో మొదలుపెట్టినవి అసలు తాకని వాటికన్నా పెద్దగా మెరుగు కాలేదు. మరికొన్ని ప్రయోగాలు కలిపి చూసి, మనిషికి అలవాటు పడే సున్నితమైన కాలం రెండో వారం నుంచి ఏడో వారం దాకా అని ఆమె నిర్ధారించారు. కుక్కపిల్లలకు ఈ కాలం సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఉంటుంది. అంటే కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నాక కూడా మచ్చిక చేసుకోవడానికి సమయం మిగులుతుంది. పిల్లికూన మనింటికి చేరేనాటికి ఆ పని అప్పటికే ఎవరో చేసి ఉండాలి, లేదా ఎవరూ చేయలేదన్నమాట. కుక్కనూ పిల్లినీ పోల్చి తీర్పులు చెప్పే ముందు ఈ తేడా గుర్తుంచుకుంటే చాలా వాదనలు తగ్గుతాయి.

ఎంతసేపు తాకాలన్న దానికీ కార్ష్ పనిలో జవాబుంది. రోజుకు 40 నిమిషాలు చేతుల్లో పెరిగినవి, 15 నిమిషాలవాటికన్నా మనిషికి ఎక్కువ దగ్గరయ్యాయి. ఎంత చేసినా బెరుకు వదలని కూనలు కొన్ని ఉన్నాయన్నది కూడా ఆమె రాశారు. ఒకే ఈతలో ఒకటి భుజమెక్కి కూర్చుంటే దాని తోబుట్టువు మంచం కింది నుంచి బయటికి రాకపోవడం పిల్లుల్ని పెంచినవారందరికీ తెలిసినదే.

ఎంతమంది తాకాలన్నది వేరే ప్రశ్న. దీన్ని 1967లో రాబర్టా కొలార్డ్ పరీక్షించారు. ఒక్కరి చేతిలోనే పెరిగిన కూనలు ఆ మనిషితో ఎక్కువ ఆడాయి, ఎక్కువ గురగురలాడాయి; అయిదుగురి చేతుల్లో పెరిగినవి కొత్తవారిని చూసి తక్కువ భయపడ్డాయి. నలుగురు పిల్లలు, అవ్వాతాతలు, వచ్చేపోయే చుట్టాలు ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లి ఎవరొచ్చినా అరుగు మీదే పడుకుంటుంది. ఒంటరిగా ఉండే ముసలామె పెంచిన పిల్లి ఆమె చీర కుచ్చిళ్లు వదలదు, మనం గడప తొక్కగానే వంటింట్లో దూరుతుంది. రెండూ మాలిమే. ఒకదాన్ని గొప్పదనీ రెండోదాన్ని తక్కువదనీ అనడానికి లేదు.

తాకే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. చిన్నపిల్లలు కూనను ఎత్తుకోవాలంటే నేల మీద చతికిలబడి, ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి వెనకకాళ్ల కింద పెట్టాలి. తల్లిపిల్లి మెడ పట్టుకుంటుంది కదా అని మనమూ మెడ పట్టి ఎత్తితే పెరిగే కూనకు నొప్పి. అది పెనుగులాడితే వదిలేయాలి. వదిలేస్తారన్న నమ్మకమే దాన్ని మరుసటి రోజు తిరిగి రప్పిస్తుంది.

తల్లి, తండ్రి, ఒక వేడిపాల కథ

కూనకు మొదటి గురువు తల్లి. మీట నొక్కితే తిండి దొరుకుతుందన్న పనిని తల్లిని చూసి నేర్చుకున్న కూనలు, తెలియని ఆడపిల్లిని చూసి నేర్చుకున్న వాటికన్నా త్వరగా నేర్చుకున్నాయని ఫిలిస్ చెస్లర్ 1969లో సైన్స్ పత్రికలో రాశారు. భయాన్నీ నమ్మకాన్నీ కూన అలాగే తల్లి దగ్గర చూసి నేర్చుకుంటుంది. మనం వసారాలోకి రాగానే తల్లి చెవులు వెనక్కి పెట్టి బుస్సుమంటే మూడు వారాల కూన కూడా వీపు విల్లులా వంచి బుస్సుమంటుంది. తల్లి కదలకుండా పడుకొని పాలిస్తుంటే కూన మన వేలిని వాసన చూడటానికి వస్తుంది. అందుకే కూనను మచ్చిక చేసుకోదలచినవారు ముందుగా తల్లిని మచ్చిక చేసుకోవాలి. చూలుతో ఉన్నప్పటి నుంచే రోజూ ఒకే వేళకు ఒకేచోట తిండి పెట్టడం దీనికి అందరికీ అందుబాటులో ఉన్న దారి.

తండ్రి మాట వింతగా ఉంటుంది. గండుపిల్లి పిల్లల పెంపకంలో చేయి వేయదు, చాలా కూనలు తండ్రిని చూడవు. అయినా 1986లో డెనిస్ టర్నర్, ఆయన సహచరులు కూనల స్నేహ స్వభావం తండ్రిని బట్టి మారుతోందని చూపారు. 1995లో శాండ్రా మెక్యూన్ దాన్ని ఇంకాస్త విడమరిచారు: తండ్రి నుంచి వచ్చేది స్నేహం కన్నా తెగువ, అంటే కొత్త వస్తువునైనా కొత్త మనిషినైనా దగ్గరికి వెళ్లి చూసే గుణం. తొలి వారాల్లో మనుషుల మధ్య పెరగడం, తెగువ గల తండ్రి, రెండూ కలిసివస్తే అందరికీ చనువయ్యే పిల్లి తయారవుతుంది. గూడూరు లాంటి ఊళ్లో తండ్రిని ఎంచుకునే వీలు ఎవరికీ లేదు. చేతిలో ఉన్నది మొదటిదే.

ఈ వయసులో తగిలిన చేదు అనుభవం ఎంత లోతుగా నాటుకుంటుందో తెలుగువారికి తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ చాలాకాలంగా చెబుతూనే ఉంది. రాయలవారు పిల్లుల్ని పెంచమని తలా ఒక కూననూ, పాలకోసం ఆవునూ ఇస్తే, రామకృష్ణుడు మొదటి రోజే మరుగుతున్న పాలు పెట్టాడట. మూతి కాలిన కూన ఆ తర్వాత పాలగిన్నె కనబడితే పారిపోయింది. కథ నవ్వుల కోసం పుట్టినా అందులోని నడత నిజం. ఒకసారి తోక తొక్కిన కాలు, ఒకసారి చీపురు విసిరిన చేయి కూనకు చాలా కాలం గుర్తుంటాయి. పాలు కాలిస్తే పాలగిన్నె మీద భయం. మనిషి కొడితే ఆ భయం ఆ ఒక్కరితో ఆగకుండా మనుషులందరి మీదికీ పాకుతుంది.

ఎప్పుడు తల్లి నుంచి వేరు చేయాలి

నాలుగో వారానికి కూన మెత్తటి తిండి నాకడం మొదలుపెడుతుంది, ఏడెనిమిది వారాలకు పాలు మానుతుంది. మన వాడుకలో మాత్రం కళ్లు తెరిచి నాలుగడుగులు వేయగానే నిమ్మకాయల సంచిలో వేసుకొని తెచ్చేస్తారు. చిన్నప్పుడే తెస్తే మాలిమవుతుందన్నది లెక్క. సగం నిజమే. మిగతా సగం ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం 2017లో ప్రచురించిన సర్వేలో ఉంది. దాదాపు 5,700 పిల్లుల వివరాలు చూస్తే, ఎనిమిది వారాల లోపే తల్లికి దూరమైనవాటిలో కరవడం, రక్కడం ఎక్కువగా కనబడింది. పద్నాలుగు వారాలు ఆగి వేరు చేసినవి మిగతావాటికన్నా నిమ్మళంగా ఉన్నాయి. తోబుట్టువులతో కుస్తీ పడుతున్నప్పుడే కూన తన పంటి బలం ఎంతో, గోరు ఎప్పుడు లోపలికి తీసుకోవాలో నేర్చుకుంటుంది. గట్టిగా కరిస్తే ఎదుటి కూన కీచుమని ఆట మానేస్తుంది. ఆ పాఠం వినకుండా వచ్చినది మన చేతుల మీద ఆ ఆట ఆడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నట్టు కనబడుతుంది. ఏడో వారానికి మనిషికి అలవాటు కావాలి, పన్నెండు పద్నాలుగు వారాల దాకా తల్లి దగ్గర ఉండాలి. రెండూ కుదిరే దారి ఒకటే. కూనను తెచ్చుకోవడం కాకుండా, తెచ్చుకోబోయేవారే దాని దగ్గరికి వెళ్లాలి. పక్క వీధిలో పిల్లి ఈనిందని తెలిస్తే పిల్లలు రోజూ సాయంత్రం వెళ్లి అరగంట కూర్చొని రావడం ఊళ్లో కష్టమైన పనేమీ కాదు. తల్లి చనిపోయి దిక్కులేనివైతే వేరే సంగతి. అప్పుడు ఆవుపాలు, గేదెపాలు సరిపోవు. పిల్లి పాలలో మాంసకృత్తులు వాటికన్నా చాలా ఎక్కువ. పశువైద్యులు సూచించే కూనల పాలపొడి వాడాలి. సీసాపాలతో పెరిగే కూనకు తోడుగా ఇంకొక కూన ఉండేలా చూడటం మంచిది.

ఏడో వారం తర్వాత తలుపు ధడాలున మూసుకుపోదు, ఓరవాకిలిగా ఉంటుంది. 2008లో రేచెల్ కేసీ, జాన్ బ్రాడ్‌షా ఒక సంరక్షణ కేంద్రంలో రెండో వారం నుంచి తొమ్మిదో వారం దాకా కొన్ని కూనలకు మామూలు పరిచయానికి తోడు అదనపు పరిచయం ఇచ్చారు. ఏడాది తర్వాత వాటిని పెంచుకున్నవారు తమ పిల్లి తమకు ఎక్కువ ఆసరాగా ఉందని చెప్పారు. ఆ పిల్లుల్లో మనుషుల భయం కూడా తక్కువ. మూడు నెలలు దాటిన గోదాము కూనను సైతం ఓపికతో మచ్చిక చేయవచ్చు. ఒక గదిలో ఉంచి, తిండి మన చేతి దగ్గరే పెట్టి, దాని కళ్లలోకి తదేకంగా చూడకుండా, తానుగా వచ్చేదాకా ఆగాలి. అలా మచ్చికైనది సాధారణంగా పెంచినవారికే చనువవుతుంది, ఊరందరికీ కాదు. తిండి ఈ స్నేహానికి తలుపు తీస్తుంది గాని నిలబెట్టదని టర్నర్ బృందం చూసింది. పలకరింపు, నిమరడం, ఆట లేకపోతే పిల్లి గిన్నె ఖాళీ చేసి వెళ్లిపోతుంది.

పెరిగే వయసు

రెండు నెలల నుంచి నాలుగైదు నెలల దాకా కూన ఆటలో ఉంటుంది. ఏడెనిమిది వారాలకు తోటి కూనలతో కుస్తీ కన్నా దారం, గోలీ, ఎండుటాకు వంటి వస్తువుల వెంట పడటం ఎక్కువవుతుంది. మాలిమి ఈ వయసులో ఒళ్లో కన్నా నేల మీద కనబడుతుంది. మనం ఉన్న గదిలోనే ఆడుతుంది, మనం లేస్తే వెంట వస్తుంది, అలసిపోయి మన కాలి పక్కనే పడిపోతుంది. వేళ్లు ఆడించి ఆటపట్టించడం ఇప్పుడు ముచ్చటగా ఉంటుంది. ఏడో నెలలో అదే వేలిని కోరపళ్లతో పట్టినప్పుడు ముచ్చట ఉండదు.

అయిదారు నెలలకు ఆడపిల్లి ఎదకు రావచ్చు. మగది ఇంకాస్త ఆలస్యంగా గండుపిల్లి అవుతుంది. నిన్నటిదాకా ఒళ్లో ముడుచుకున్నది రాత్రంతా గోడల మీద ఉంటుంది, గుమ్మానికి మూత్రం చిమ్ముతుంది, పిలిస్తే తిరిగి చూడదు. పెద్దయ్యాక ప్రేమ పోయిందని పెంచినవాళ్లు నొచ్చుకునేది ఇప్పుడే. చాలా పిల్లుల్ని తీసుకెళ్లి చేపల మార్కెట్ దగ్గర వదిలేసేదీ ఇప్పుడే. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. నేరమన్న సంగతి అటుంచినా అది అవసరం లేని పని. ఈ దూరం హార్మోన్ల వల్ల వచ్చినది. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయిస్తే తిరగడం, పోట్లాడటం, మూత్రం చిమ్మడం చాలావరకు తగ్గుతాయి. మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలల వయసులో చేయిస్తారు. దీని గురించి పశువైద్యశాలలో అడగొచ్చు. గూడూరు నుంచి రైలులో 138 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నైలో 1959లో పుట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా, హైదరాబాద్‌లో 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూ క్రాస్ మన ప్రాంతంలో జంతు సంరక్షణకు పేరున్న సంస్థలు.

గీతలు, కాట్లు ఈ వయసులోనే ఎక్కువ. రేబిస్ కుక్కకాటుతోనే వస్తుందన్నది పొరపాటు. పిల్లి కాటు, రక్కడం వల్ల కూడా రావచ్చు. కూనకు మూడో నెలలో రేబిస్ టీకా వేయించాలి. మనిషికి గాయమైతే సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం అద్దకూడదు.

పెద్ద పిల్లి

రెండేళ్లు దాటి నాలుగేళ్ల లోపు పిల్లి స్వభావం స్థిరపడుతుంది. అప్పటి మాలిమి కూన మాలిమిలా ఉండదు, కొలతతో ఉంటుంది. ఒళ్లోకి రావాలా వద్దా అన్నది అదే నిర్ణయించుకుంటుంది. పిల్లి తానుగా మొదలుపెట్టిన పలకరింపు, మనం మొదలుపెట్టిన దానికన్నా ఎక్కువసేపు సాగుతుందని టర్నర్ బృందం ఇళ్లలో కూర్చొని గమనించింది. పిల్లి వెంటపడి ఎత్తుకొని ముద్దు చేసే ఇంట్లోకన్నా తన పని తాను చూసుకునే మనిషి పక్కన అది ఎక్కువగా చేరడానికి కారణం ఇదే. జపాన్‌లో అత్సుకో సైటో చేసిన పరిశోధనలు పిల్లులు పెంచినవారి గొంతును ఇతరుల గొంతు నుంచి గుర్తుపడతాయని 2013లో, తమ పేరును మిగతా మాటల నుంచి వేరుచేయగలవని 2019లో చూపాయి. గుర్తుపట్టి కూడా కదలకపోవచ్చు. మనం నెమ్మదిగా కళ్లు మూసి తెరిస్తే పిల్లి కూడా అలాగే బదులిస్తుందని, అలా చేసినవారి దగ్గరికి రావడానికి ఎక్కువ మొగ్గు చూపుతుందని ఇంగ్లండ్‌లో 2020లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

పిల్లి ఇంటిని నమ్ముకుంటుందా, మనిషినా అన్న పాత తగవు శాస్త్రజ్ఞులు కూడా పడ్డారు. ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయంలో ఆలిస్ పాటర్, డానియెల్ మిల్స్ 2015లో ప్రచురించిన పరిశోధన, పసిపిల్లకు తల్లి ఆసరా అయినట్టు పెంపుడు పిల్లికి యజమాని ఆసరా కాడని చెప్పింది. 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి క్రిస్టిన్ వైటేల్ బృందం దీనికి ఎదురు ఫలితం ఇచ్చింది. వారు మూడు నుంచి ఎనిమిది నెలల కూనల్ని తెలియని గదిలో రెండు నిమిషాలు పెంచేవారితో, రెండు నిమిషాలు ఒంటరిగా, మళ్లీ రెండు నిమిషాలు పెంచేవారితో ఉంచారు. తిరిగి కలిసినప్పుడు వారిని పలకరించి, నిబ్బరపడి, గది చూడటానికి వెళ్లిన కూనల్ని భరోసా గల బంధం ఉన్నవిగా లెక్కించారు. అవి 64.3 శాతం. మిగిలినవి అతుక్కుపోయాయి లేదా ముఖం చాటేశాయి. ఏడాది దాటిన పెద్ద పిల్లుల్లోనూ ఆ వాటా 65.8 శాతం. ఆరు వారాల శిక్షణ తరగతులు పెట్టి చూసినా కూనల్లో ఈ నిష్పత్తి పెద్దగా మారలేదు. రెండు పరిశోధనల పద్ధతులు వేరు కాబట్టి తగవు తీరిందనలేం. కాని కూనలకూ పెద్దవాటికీ దాదాపు ఒకే అంకె రావడం, ఒకసారి కుదిరిన బంధం వయసుతో అంత తేలిగ్గా చెదరదనే సూచిస్తోంది. ఇల్లు మారినప్పుడు పిల్లి పాత ఇంటికి పరుగెత్తడం బంధం లేకపోవడానికి గుర్తు కాదు. తన వాసన పూసుకున్న గోడలు, తెలిసిన దారులు దానికి తిండికీ రక్షణకూ ఆధారం. కొత్త ఇంట్లో రెండు మూడు వారాలు గడప దాటనీయకుండా ఉంచితే ఆ వాసన అక్కడా ఏర్పడుతుంది.

పదేళ్లు దాటిన పిల్లి ఎక్కువసేపు నిద్రపోతుంది, వెచ్చదనం కోసం మనిషికి ఇంకా దగ్గరగా చేరుతుంది. చెవుడు, చూపు మందగించడం వల్ల అర్ధరాత్రి అరవడమూ ఉంటుంది. ఎప్పుడూ ఒళ్లోకి వచ్చేది హఠాత్తుగా తప్పించుకు తిరిగినా, ముట్టుకుంటే కసిరినా అది అలక కాదు. పంటి నొప్పి, కీళ్లనొప్పి, మూత్రపిండాల జబ్బు, థైరాయిడ్ ఈ వయసులో సాధారణం. పశువైద్యుడికి చూపించాలి.